చిలక పంపిన శుభాకాంక్షలు

ఉబల్దినా దోరియా శవాన్ని చూసి ఏనాడూ ముఖం చిట్లించలేదు. సిను నదిలో నాని ఉబ్బిపోయి తేలినవాళ్ళనీ, మంచంలో పుళ్ళు పడి పోయినవాళ్ళనీ తన చేతులతోనే కడిగి, తల దువ్వి, ఇస్త్రీ బట్టలు తొడిగి, కునుకు తీస్తున్నారేమో అనిపించేలా పెట్టెలో పడుకోబెట్టేది. తండ్రి పోయాక లోరికా ఊళ్ళో ఆ అంత్యక్రియల కొట్టు ఆవిడకూ, తమ్ముడు వాదిత్‌కూ చెరిసగం వచ్చింది. లోపలి పని ఆవిడది. బండి, శవాన్ని ఉంచే గదులు, పూలు, పాదిరి, స్మశానం, అంత్యక్రియల కోసం నెలనెలా చీటీ కట్టేవాళ్ళ దగ్గర వసూళ్ళు, ఇవన్నీ తమ్ముడివి.

వాదిత్ చెడ్డవాడు కాదు. మతిమరుపు మనిషి. ఆ ఏడు ఈస్టర్‌కి ముందు ఒకే పూట ఒకే గదిని రెండు కుటుంబాలకు ఇస్తానని మాటిచ్చేశాడు. ఒకటి జాలరి కుటుంబం, రెండోది బియ్యం మిల్లు కుటుంబం. రెండు పెట్టెలూ గుమ్మంలో ఎదురుపడ్డాయి. మిల్లువాళ్ళ పెద్దకోడలు "మాది ముందు" అంటూ జాలరి పెట్టెను మోకాలితో పక్కకు నెట్టింది. జాలరి కొడుకులు చొక్కా చేతులు పైకి మడిచారు. ఉబల్దినా తన పడకగది ఖాళీ చేయించి, మంచం పెరట్లో పడేయించి, జాలరిని అక్కడ ఉంచి ఎలాగో ఆ పూట గట్టెక్కించింది.

అందరూ వెళ్ళాక వాదిత్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అన్నాడు. "అక్కా, ఇవన్నీ బుర్రలో పెట్టుకునే రోజులు కావివి. అందరూ ప్రోగ్రాంలు కొనుక్కుంటున్నారు. మనమూ ఒకటి కొందాం."

"నీ బుర్రలో ఏనాడు పెట్టుకున్నావురా?"

"అందుకే కదా కొందామంటున్నా."

ఆవిడ మంచం లోపలికి మోయించడానికి పెరట్లోకి నడిచింది.

మూడు చూశారు. మొదటిది రాజధాని బొగొతాలో అంత్యక్రియల సంస్థల కోసమే చేసింది. దాని ధరకు కొత్త శవవాహనం వస్తుంది. రెండోది రైతుల సహకార సంఘం తమ హాలుకీ లారీలకీ వాడుకునేది. బూడిదరంగు తెర, చీమల్లాంటి అక్షరాలు. ఏ రోజు ఏ గది ఖాళీ, ఏ బండి ఎక్కడుంది, అంతవరకే చెబుతుంది.

"దీన్ని చూస్తుంటే నాకే పెట్టెలో పడుకోవాలనిపిస్తోంది" అన్నాడు వాదిత్.

మూడోదాని పేరు 'పెరికీతో', అంటే బుల్లి చిలక. తెర మూలన టోపీ పెట్టుకున్న ఆకుపచ్చ చిలక ఒకటి ఎగురుతూ ఉంటుంది. దాన్ని అమ్మేది యాన్‌కార్లో ఎస్పితియా అనే కుర్రాడు, మొంతెరియా నుంచి వచ్చాడు. వీధి మలుపులో ఉండగానే అత్తరు వాసన కొట్టింది. వస్తూనే లాప్‌టాప్‌ను ముందుగదిలో అమ్మకానికి పెట్టిన తెల్లపెట్టె మూత మీద పెట్టాడు. ఉబల్దినా దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నం వేళ కాబట్టి భోజనం పెట్టారు. వేయించిన బొకచీకో చేప, కర్రపెండలం. అతను ముల్లు ఏరుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ, ఆ వేళ్ళతోనే మీటలు నొక్కుతూ చూపించాడు.

"ఇదిగో మహారాణీ, ఇది మీ కస్టమర్ పేరు. ఇక్కడ ఆయన చివరిసారి ఎప్పుడొచ్చాడో ఉంటుంది. ఇక్కడ మళ్ళీ ఎప్పుడు రావచ్చో అదే అంచనా వేస్తుంది."

ఎదురుపడిన ఆడవాళ్ళందరినీ అతను మహారాణీ అనే పిలుస్తాడని ఆవిడకు అప్పటికే అర్థమైంది. వంటమనిషిని కూడా అలాగే పిలిచాడు.

"ఇక్కడికి రెండోసారి ఎవరొస్తారు బాబూ?"

"ఆయన రాడు, ఇంట్లోవాళ్ళొస్తారు కదా. ముసలాయన పోతే ఆ వెనకాలే ముసలమ్మ. మీకు నేను చెప్పాలా? ఒక చావు జరిగిన ఇంటిని చల్లారనివ్వకూడదు మహారాణీ. వేడి మీదుండగానే పలకరించాలి. ఆ పలకరింపులన్నీ చిలకే చూసుకుంటుంది, మీరు వేలు కదపక్కర్లేదు."

ఉబల్దినా తన పళ్ళెం దూరంగా జరిపింది. "దీన్ని అసలు ఎవరికోసం చేశారు?"

"బ్యూటీ పార్లర్లు, జిమ్ములు, ఫంక్షన్ హాళ్ళు. వ్యాపారం ఏదైతేనేం, మనిషి మనిషే."

అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ తమ్ముడితో అంది. "నాకు ఆ బూడిదరంగుదే చాలు. వీడు నోరు తెరిస్తే నాకు లేచి పోవాలనిపిస్తోంది."

"వాణ్ణి కొనడం లేదు కదక్కా, ప్రోగ్రాం కొంటున్నాం. నెల రోజులు ఊరికే వాడుకోమంటున్నాడు. నచ్చకపోతే పొమ్మందాం."

లోపల బల్ల మీద ఒక ముసలమ్మ శవం ఉంది. ఎండ ముదురుతోంది, ఆలస్యం చేస్తే బాగోదు. "నీ ఇష్టం" అనేసి ఉబల్దినా లోపలికి వెళ్ళిపోయింది. ఆ రెండు మాటలూ ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకుంది.

వాదిత్ ఆ వారమంతా ఉత్సాహంగా పేర్లెక్కించాడు. చీటీలు ఎవరి పేరున ఉన్నాయో వాళ్ళనే కస్టమర్లుగా రాశాడు. ఇంకా కడుతున్నవాళ్ళూ, కట్టి కన్నుమూసినవాళ్ళూ, వాళ్ళ ఇంటిల్లిపాదీ, ఫోను నంబర్లు, పుట్టిన తేదీలు అన్నీ ఎక్కించాడు. ఈ మనిషి బతికున్నాడా అని చిలక అడగలేదు. చెప్పాలని వాదిత్‌కీ తోచలేదు.

నెల మొదటి రోజు పొద్దున్న ఉబల్దినా గుమ్మం కడుగుతుండగా ఎంపెరత్రీస్ వచ్చింది. ఫెర్రీ రేవులో పడవ నడిపిన ఫ్రేదిస్ భార్య. ఆయన పోయి ఏడాది కూడా కాలేదు. ఇంట్లో వేసుకునే గౌనుతోనే, రబ్బరు చెప్పులతో, ఎవరో తరుముతున్నట్టు నడుస్తూ వచ్చింది. చేతిలో పగిలిన అద్దం ఉన్న పాత ఫోను. ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా ఉబల్దినాను గౌరవంగా నీన్యా అనే పిలుస్తుంది.

"నీన్యా ఉబల్దినా, ఇది ఆయన ఫోను. ఛార్జింగు పెట్టి ఫ్రిజ్ మీద ఉంచుతాను. ఎందుకు ఉంచుతానో అడక్కండి. పొద్దున్న మోగింది. ఆయన పెట్టుకున్న అకార్డియన్ పాట. నా చేతిలో పళ్ళెం జారి పడిపోయింది. చదవండి."

ఉబల్దినా తడిచేతులు గౌనుకు తుడుచుకుని ఫోను అందుకుంది. టోపీ పెట్టుకున్న చిలక కాగితపు బూర ఊదుతోంది. కింద రాసి ఉంది:

"ఫ్రేదిస్! ఈ నెల నాలుగున మీ పుట్టినరోజు, శుభాకాంక్షలు! మీరు మా దగ్గరికి వచ్చి చాలా రోజులైంది. మిమ్మల్ని మళ్ళీ చూడాలని ఉంది. ఈ నెలలో వస్తే పదిహేను శాతం తగ్గింపు! ఇట్లు, మీ దోరియా కుటుంబం."

ఆవిడ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే కళ్ళు ఆ చిలక మీదే ఆగిపోయాయి.

"ఎవరు రాశారిది?" అడిగింది ఎంపెరత్రీస్.

"మనుషులు రాయలేదమ్మా. మిషను."

"మిషనుకి మా ఆయన పుట్టినరోజు ఎవరు చెప్పారు?"

ఉబల్దినా తల దించుకుంది. ఎంపెరత్రీస్ ఫోను తీసుకుని, అద్దాన్ని గౌను అంచుతో తుడిచి, వచ్చిన దారినే మెల్లగా నడిచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కొట్టు ఫోను ఆగకుండా మోగింది. ఒకామె ఏడుస్తూ పెట్టేసింది. ఒకాయన పోలీసుల దాకా వెళతానన్నాడు. ఇంకొకడు పడీపడీ నవ్వుతూ, "మా నాన్న అడుగుతున్నాడు నీన్యా, పైనుంచి రావడానికి మోటోటాక్సీ డబ్బులు కూడా మీరే ఇస్తారా అని" అన్నాడు. వాడి నవ్వు విన్నప్పుడు ఆవిడకు వాడి మీద కోపం రాలేదు, తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంకెవరికైనా ఇలా జరిగి ఉంటే ఊరంతటితో పాటు తనూ నవ్వి ఉండేది.

వాదిత్ లేచి వచ్చేసరికి ఆవిడ లాప్‌టాప్ ముందు నిలబడి ఉంది.

"వీటిలో ఏది ఎవరికి పోయిందో చూపించు."

అతను చూపిస్తూ పోయాడు. ముఖం పాలిపోతోంది. "ఈ నెల పుట్టినవాళ్ళకి శుభాకాంక్షలు, మిగతావాళ్ళకి 'చూడాలని ఉంది' అని... నేను నొక్కలేదక్కా. అదే పోయింది, ఒకటో తారీఖు కదా."

"ఆగు. ఇదేంటి, గులాబీరంగుది?"

అది యులియానిస్ పేరున పోయింది. ఎదిల్సా కోగొయో కూతురు. పదకొండేళ్ళప్పుడు డెంగీ జ్వరంతో పోయింది. ఆ పిల్లను ఉబల్దినాయే కడిగింది. గోళ్ళకు సగం ఊడిన ఊదారంగు ఉంటే తుడవబోయింది. "ఉంచండి, అది తనే వేసుకుంది" అంది ఎదిల్సా గుమ్మంలో నిలబడి. ఉబల్దినా ఉంచేసింది. బతికి ఉంటే ఈ నెలలో ఆ పిల్లకు పదిహేను నిండేవి. ఆడపిల్లకు పదిహేనేళ్ళొస్తే పెళ్ళిలా చేస్తారు ఆ ఊళ్ళో. ఆ సంగతి చిలకకూ తెలుసు.

ఉబల్దినా బట్టలు మార్చుకుని, నల్లగొడుగు తీసుకుని బయటికి నడిచింది. "నేనూ రానా?" అన్నాడు వాదిత్. ఆవిడ వినిపించుకోలేదు.

ఎదిల్సా ఇల్లు మార్కెట్టు వెనక సందులో. మొక్కజొన్న పిండితో బొయ్యోలు చేసి, ఆకుల్లో చుట్టి ఉడికించి అమ్ముతుంది. ఆ పూట పొయ్యి వెలగలేదు. ముందుగదిలో అత్తగారు, ఆడపడుచు, పక్కింటివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు, మళ్ళీ చావు జరిగినట్టే. ఉబల్దినా లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ కుర్చీ చూపించలేదు.

"ఎదిల్సా, క్షమించమని అడగడానికి వచ్చాను. కావాలని చేసింది కాదు. మేం కొత్తగా ఒక ప్రోగ్రాం..."

"చదవండి" అంది ఎదిల్సా.

"ఏంటమ్మా?"

ఎదిల్సా తన ఫోను ముందుకు చాపింది. "నేను పొద్దున్న చదివాను, ఒక్కదాన్నే ఉండి. మా అత్తగారికి చదువు రాదు. ఏముందని అడుగుతోంది. నా నోటితో చెప్పలేను. మీ పేరు మీదే వచ్చింది కదా. మీరు చదవండి, పైకి."

ఉబల్దినా అత్తగారి వైపు చూసింది. ముసలామె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చెవి కాస్త ఇటు తిప్పి ఎదురుచూస్తోంది.

ఉబల్దినా కళ్ళజోడు పెట్టుకుంది. "యులియానిస్" అంది. అక్కడే ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. "యులియానిస్, నీకు పదిహేనేళ్ళు. జీవితంలో ఒక్కసారే వచ్చే రోజు. గౌను, కిరీటం, మేకప్, గది అలంకరణ..."

"ఆపకండి."

"...గది అలంకరణ, అన్నీ కలిపి మా దగ్గర ప్రత్యేక ప్యాకేజీ. నీ కలల రోజును మాకు వదిలెయ్. అతిథులు యాభై మంది దాటితే కేకు ఉచితం."

"ఇంకా ఉంది."

"నిన్ను చూడాలని ఆత్రంగా ఉన్నాం. దోరియా కుటుంబం."

ఆ మాటలు తన నోట్లోంచే వచ్చాయి, తన గొంతుతోనే. తిన్నది పాడైపోయిందని మింగాక తెలిసినట్టు ఉబల్దినా ఒళ్ళంతా జలదరించింది. గౌను, మేకప్, అలంకరణ. ఆ పిల్లకు అవన్నీ తను ఒకసారి చేసేసింది. ఆ మాట గదిలో అందరికీ తోచిందని వాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తోంది.

అత్తగారు నెమ్మదిగా అడిగింది. "కేకు ఎవరికంట?"

ఎదిల్సా ఫోను లాక్కుంది. "ఇక వెళ్ళండి" అంది.

సందు చివర, చేపలవాళ్ళు నీళ్ళు పారబోసే కాలవ దగ్గర ఉబల్దినా గోడ పట్టుకుని వంగింది. పొద్దున తాగిన కాఫీ అంతా బయటికి వచ్చేసింది. చేపలమ్మే ఒకామె చెంబుతో నీళ్ళిచ్చి, "ఎండ నీన్యా, ఈ ఎండకి మీ వయసువాళ్ళు తిరగకూడదు" అంది. ఉబల్దినా ఔనంది.

ఇంటికొచ్చేసరికి వాదిత్ ఫోనులో యాన్‌కార్లోతో మాట్లాడుతున్నాడు. అక్కను చూసి, ఆ మాటలు ఆవిడకూ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టాడు.

"మహారాణీ, జరిగింది విన్నాను, చాలా బాధపడ్డాను" అన్నాడు యాన్‌కార్లో. వెనక ఎక్కడో పాటలు మోగుతున్నాయి. "కానీ తప్పు ప్రోగ్రాంది కాదు. ఊరికే ఇచ్చేదానిలో బతికున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా ఉండదు. అదే బంగారు ప్లాన్ తీసుకుంటే, పేరు పక్కనే 'మరణించారు' అని టిక్కు పెట్టుకునే గడి ఉంటుంది."

"చచ్చినవాళ్ళని చచ్చారని రాయడానికి వేరే డబ్బులా?" అంది ఉబల్దినా.

"సదుపాయం మహారాణీ. ఇంకోటి చెప్పనా? మీ మెసేజీలు తెరిచి చూసినవాళ్ళు ఎంతమందో తెలుసా? మొంతెరియాలో ఏ పార్లరుకీ ఇంత స్పందన రాలేదు. జనం మిమ్మల్ని ఎంత ప్రేమిస్తున్నారో చూడండి."

"ఆ పేర్లన్నీ తీసెయ్. ఇవాళే."

"తీసెయ్యడం అంటూ ఉండదు మహారాణీ. దాచిపెడతాం. రేపెప్పుడైనా మీ మనసు మారితే..."

ఆవిడ ఫోను తీసి కట్ చేసింది. అతని గొంతు తగిలిన చోటల్లా జిడ్డు అంటినట్టు చెవి తుడుచుకుంది.

"అక్కా" అన్నాడు వాదిత్. ముఖంలో సిగ్గుంది, సిగ్గు వెనక ఇంకేదో కూడా ఉంది. "కోప్పడనంటే ఒకటి చెబుతాను. ఫోన్లలో అన్నీ తిట్లే కావు. కొందరు చీటీ ఎంత అని అడిగారు. నలుగురు చేరతామన్నారు. ఒక్క రోజులో. మనం మూడు నెలలు ఇల్లిల్లూ తిరిగినా నలుగురు దొరకరు."

ఆవిడ తమ్ముడి వంక చూసింది. ఆ చూపు అతను తట్టుకోలేకపోయాడు.

ఆ నలుగురిలో ఒకాయన అప్పుడే గుమ్మం ఎక్కాడు. రిటైరైన లెక్కల మాస్టారు అనీబల్. తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చేత్తో టోపీ పట్టుకుని, కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

"మా ఆవిడకి వచ్చింది మెసేజ్. ఆవిడ లేదు కదా, మీకూ తెలుసు. ఆ పదిహేను శాతం నా పేరుకి మార్చాలి."

"మాస్టారూ, అది పొరపాటున పోయింది. దయచేసి దాన్ని మరచిపోండి."

"పొరపాటో, కావాలనో, అది మీ గొడవ. మీ కొట్టు పేరుంది కింద. ఆవిడకి ఇస్తామన్నది ఆవిడ వాడుకోలేదు, నాకు చెందుతుంది. ఏమంటావ్ వాదిత్?"

"చనిపోయిన మనిషికి పుట్టినరోజని పంపాం మాస్టారూ. మీకేమీ అనిపించలేదా?" అంది ఉబల్దినా.

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "తేదీ తప్పు" అన్నాడు చివరికి. "ఆవిడ పుట్టింది పన్నెండున కాదు, పదమూడున. మీ రికార్డుల్లో దిద్దుకోండి."

వాదిత్ ఆయన పేరు రాసుకున్నాడు, తగ్గింపుతోనే. మాట బయటికి పోయాక తప్పదు. ఉబల్దినా ఆ గదిలో ఉండలేక పెరట్లోకి వెళ్ళి నిలబడింది. పడవవాడి పెళ్ళాం, ఎదిల్సా, వాళ్ళ కన్నీళ్ళు ఆవిడకు అర్థమవుతాయి. ఈ మనిషి తృప్తిగా టోపీ పెట్టుకుని వెళ్ళడం చూస్తే మాత్రం ఏం చేయాలో తెలియలేదు. అలాంటివాళ్ళు ఊళ్ళో ఎంతమందున్నారో ఆ చిలక ఒక్కపూటలో కనిపెట్టేసింది. చావు జరిగిన ఇంటిని చల్లారనివ్వకూడదని యాన్‌కార్లో చెప్పింది అబద్ధం కాదు. అదే అన్నిటికన్నా రోతగా ఉంది.

సాయంత్రం చల్లబడ్డాక తమ్ముణ్ణి పిలిచింది. "ఎదిల్సా ఇంట్లో నేను చదివి వచ్చాను. ఎంపెరత్రీస్ ఇంటికి నువ్వెళ్ళు. ఫోనడిగి తీసుకుని, ఆవిడ ఎదురుగా కూర్చుని పైకి చదువు. చదివాక నలుగురు చేరారని కూడా చెప్పు, ధైర్యముంటే."

వాదిత్ వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు. చొక్కా వీపంతా చెమటకు అంటుకుపోయి ఉంది.

"చదివావా?"

"చదివాను."

"ఏమంది?"

"ఏమీ అన్లేదు. కాఫీ ఇచ్చింది. ఆయన కప్పులో ఇచ్చింది." మెడ తుడుచుకుంటూ, "తాగాలనిపించలేదక్కా. తాగకపోతే బాగోదని తాగాను" అన్నాడు.

ఇక దాని ఊసెత్తడనుకుంది ఉబల్దినా. ఆ వారం గడవకముందే భోజనం దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. "బంగారు ప్లాన్ మరీ అంత ఖరీదేం కాదక్కా. ఆ టిక్కు ఒక్కటీ ఉంటే..."

ఆవిడ చెంచా కింద పెట్టింది. "సరే, కొనుక్కో. నా సగం నాకిచ్చెయ్. బండి నీది, గదులు నీవి, చిలక నీది. రేపటి నుంచి శవాలు కూడా నువ్వే కడుక్కో."

వాదిత్ తండ్రి శవాన్ని కూడా గుమ్మంలోంచే చూశాడు. తాకలేదు, తాకలేడు. అది ఇద్దరికీ తెలుసు. అతను పళ్ళెంలోకి చూస్తూ చెంచాతో అన్నం కెలికాడు.

మర్నాడు సహకార సంఘానికి వెళ్ళి ఆ బూడిదరంగు ప్రోగ్రాం తెచ్చుకున్నారు. గది, బండి, తేదీ, వేళ. ఫోను నంబరు రాసుకునే చోటు కూడా ఉంది గానీ ఉబల్దినా రాయనివ్వలేదు. "అక్షరాలు కనపడవు, రంగు చూస్తే నిద్రొస్తుంది" అని వాదిత్ రోజూ గొణుగుతాడు. ఆ తర్వాత గుమ్మంలో రెండు పెట్టెలు ఎదురుపడలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఎదిల్సా అత్తగారు పోయిందని తెలిసింది. ఆ కుటుంబం చీటీ ఇక్కడే ఉంది, ఏళ్ళ తరబడి కట్టినది. ఉబల్దినా పెద్దగది తుడిపించింది. కబురు రాలేదు. మర్నాడు పొద్దున్న సెరెతే అనే వేరే ఊరి నుంచి వచ్చిన పరాయి శవవాహనం మార్కెట్టు వీధిలోంచి బయలుదేరింది. చర్చికి పోవాలంటే దోరియాల గుమ్మం ముందునుంచే దారి.

శవం వెళుతున్నప్పుడు కొట్లన్నీ తలుపు సగం మూస్తాయి. ఉబల్దినా కూడా సగం మూసి, ఆ సందులో నిలబడింది. వాదిత్ వచ్చి వెనకాల నిలుచున్నాడు. బండి వెనక గొడుగుల కింద జనం నెమ్మదిగా నడుస్తున్నారు. ఎదిల్సా బురదలో చూసుకుని అడుగులేస్తోంది. ఈ గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు తల ఎత్తలేదు. పక్కన నడుస్తున్న ఆడపడుచు మాత్రం ఎత్తి చూసి, గొడుగు ఇటువైపు వాల్చుకుంది.

చివరి మనిషి కూడా దాటాక వాదిత్ గొంతు తగ్గించి అన్నాడు. "సెరెతే నుంచంటే రెండింతలు గుంజి ఉంటారు. ఇక్కడ కట్టిందంతా వదులుకున్నారు, పాపం."

ఉబల్దినా వెనక్కి తిరగలేదు. తమ్ముడి నోటికంటే ముందే, బండి మలుపు తిరుగుతున్నప్పుడే, ఆ లెక్క తన మనసులో కూడా వచ్చి కూర్చుంది.

"లోపలికి పోరా" అంది.

అతను వెళ్ళాడు. వీధి ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఆ తలుపు తెరవలేదు.